తొంగిచూడొచ్చు, తలుపు తట్టకూడదు

1967 ఫిబ్రవరి 9న అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో ‘స్టార్ ట్రెక్’ కొత్త ఎపిసోడ్ వచ్చింది. పేరు ‘ద రిటర్న్ ఆఫ్ ది ఆర్కాన్స్’. ఒక గ్రహం మీద జనమంతా నవ్వు ముఖాలతో, నెమ్మదిగా, ఒకే తీరుగా మాట్లాడుతూ బతుకుతుంటారు. వాళ్ళని ఏలేవాడు లాండ్రూ. తీరా చూస్తే లాండ్రూ మనిషి కాదు, యంత్రం. ఆరువేల ఏళ్ళ కిందట పోయిన ఒక పెద్దాయన తన బుద్ధినంతా దానిలో దట్టించి వదిలిపోయాడు. దాన్ని పడగొట్టాల్సిందేనంటాడు కెప్టెన్ కిర్క్. పక్కనున్న స్పాక్ ఒక సంగతి గుర్తుచేస్తాడు: ఇంకొకరి వ్యవహారాల్లో తలదూర్చకూడదని మనకో ‘ప్రైమ్ డైరెక్టివ్’ ఉంది కదా అని. అది బతికి బట్టకట్టి ఎదుగుతున్న సమాజాలకి, ఇది అలాంటిదేనా అని కిర్క్ ఎదురడుగుతాడు. ఇంకాసేపట్లో ఆ యంత్రాన్ని ఉత్త వాదనతోనే ఉక్కిరిబిక్కిరి చేసి పొగలు కక్కిస్తాడు.

సైన్స్ ఫిక్షన్ మొత్తంలో బాగా పేరుపడ్డ కట్టడుల్లో ఇదొకటి. అది జనం చెవిన మొదటిసారి పడింది ఇలా. చెవిన పడిన ఎపిసోడ్‌లోనే దాన్ని దాటేయడం కూడా అయిపోయింది.

కట్టడి ఏమిటంటే, నక్షత్రాల మధ్య తిరిగే శక్తి వచ్చినవాళ్ళు ఆ శక్తి ఇంకా రాని లోకాల జోలికి పోకూడదు. తామున్నామని తెలియనివ్వకూడదు. వాళ్ళ యుద్ధాలు, వాళ్ళ దేవుళ్ళు, వాళ్ళ రోగాలు వాళ్ళవి. ఓడ మునిగినా, సిబ్బంది అంతా పోయినా సరే, దీన్ని మాత్రం తప్పకూడదని కెప్టెన్ల ప్రమాణం. కిర్క్ దీన్ని ఎన్నిసార్లు తప్పాడో లెక్కపెట్టుకోవడం అభిమానులకి అరవై ఏళ్ళుగా కాలక్షేపం.

స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ అయినా, ఈ కట్టడి ఘనతని ఎక్కువమంది జీన్ కూన్‌కే కట్టబెడతారు. మొదటి సీజన్ మధ్యలో వచ్చి చేరిన నిర్మాత, రచయిత. అంతకుముందు అమెరికన్ మెరైన్ దళంలో పనిచేసినవాడు. బయటి దేశాల్లో తమ సైన్యం దిగితే ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేని మనిషి.

కట్టడి ఏ ఎండలో ఆరిందో 1968 ఫిబ్రవరి 2న వచ్చిన ‘ఎ ప్రైవేట్ లిటిల్ వార్’ చూస్తే తెలుస్తుంది. విల్లంబులు దాటని ఒక గ్రహంలో ఒక ఊరివాళ్ళకి హఠాత్తుగా నాటు తుపాకులు వస్తాయి. దొంగచాటుగా ఇచ్చింది కిర్క్ పక్షానికి శత్రువులైన క్లింగాన్లు. రెండో ఊళ్ళో కిర్క్‌కి స్నేహితుడున్నాడు. ఏం చేయాలి? అవతలివాళ్ళకి ఏది ఇచ్చారో ఇవతలివాళ్ళకీ సరిగ్గా అదే, అంతే ఇవ్వాలని తేలుస్తాడు కిర్క్. ఒక వీసం ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఓడలోని డాక్టర్ మెకాయ్ మండిపడతాడు. ఎపిసోడ్ ముగిసేసరికి ఎవరి ముఖంలోనూ కళ ఉండదు. ఇది ప్రసారమవడానికి మూడు రోజుల ముందు, జనవరి 30న, వియత్నాంలో టెట్ దాడి మొదలైంది. ఎపిసోడ్ వచ్చిన రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి ఇది వేరే గ్రహం కథ అని ఎవరూ చెప్పనక్కర్లేదు, కాదనీ చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ‘జోక్యం వద్దు’ అనే మాట భూమ్మీద ఇంకో నోట గట్టిగా వినబడుతోంది. 1954 ఏప్రిల్ 29న టిబెట్ విషయమై భారత్, చైనాలు చేసుకున్న ఒప్పందంలోని పంచశీలలో మూడోది అదే: ఒకరి అంతర్గత వ్యవహారాల్లో ఇంకొకరు తలదూర్చకూడదు. 1965 డిసెంబరు 21న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్నే 2131వ తీర్మానంగా ప్రకటించింది. అక్కడ ఆ మాట అన్నవాళ్ళలో చాలామంది నిన్నమొన్న వలస పాలన నుంచి బయటపడ్డవాళ్ళు. మా గడపలోకి రావద్దని వాళ్ళ మాట. టీవీలో కిర్క్ నోట అదే మాట ‘మేం మీ గడపలోకి రాం’ అని తిరగబడింది. మాట ఒకటే అయినా రెంటికీ చాలా తేడా ఉంది. రాను అన్నవాడు రేపు మనసు మార్చుకోవచ్చు. కిర్క్ అదే చేస్తూ వచ్చాడు.

నిజానికి ‘మేం తలదూర్చం’ అనే బలవంతుడి మాట టీవీకి రెండువందల ఏళ్ళ పెద్దది. 1768 ఆగస్టులో జేమ్స్ కుక్ ‘ఎండీవర్’ ఓడలో పసిఫిక్‌కి బయల్దేరబోతున్నాడు. పైకి చెప్పిన పని, శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని తహితీ దీవి నుంచి కొలవడం. ఆగస్టు 10న రాయల్ సొసైటీ అధ్యక్షుడు మోర్టన్ ప్రభువు ఆయనకి కొన్ని సూచనలు రాసిచ్చాడు. అక్కడి జనంతో ఓపిగ్గా ఉండండి. నావికుల దుడుకుతనాన్ని అదుపులో పెట్టండి. ఆ నేలకి న్యాయంగా హక్కుదార్లు వాళ్ళే, వాళ్ళు ఒప్పుకోకుండా అందులో కాలుమోపి సొంతం చేసుకునే హక్కు ఏ యూరప్ దేశానికీ లేదు. వాళ్ళు ఎదురుతిరిగితే అది తమ ఇల్లు తాము కాపాడుకోవడమే. ఇదీ సారాంశం. స్టార్ ట్రెక్ రచయితల బల్ల మీద ఈ కాగితం పెడితే కొట్టివేతలు పెద్దగా ఉండేవి కావు.

మోర్టన్ ఆ అక్టోబరులోనే కన్నుమూశాడు. సరిగ్గా ఏడాదికి, 1769 అక్టోబరులో, న్యూజిలాండ్ ఒడ్డున దిగిన మొదటి రెండుమూడు రోజుల్లోనే కుక్ మనుషుల తుపాకులకి మావోరీలు బలయ్యారు. 1770 ఆగస్టు 22న ఆస్ట్రేలియా తూర్పు తీరం మొత్తాన్ని, అక్కడ ఉన్నవాళ్ళని ఒక్క మాటైనా అడక్కుండా, బ్రిటిష్ రాజుకి రాసేశాడు. కుక్ దుర్మార్గుడని తేల్చి పక్కన పెట్టేస్తే సులువే. కానీ 1778 జనవరిలో హవాయి దీవులు చేరినప్పుడు ఆయన చేసిన పని చూడండి. తన నావికులకి సుఖవ్యాధులున్నాయని తెలిసి, ఆడవాళ్ళని ఓడ ఎక్కనివ్వొద్దని, జబ్బున్నవాడు ఒడ్డుకి దిగొద్దని కట్టుదిట్టంగా ఆజ్ఞ వేశాడు. ఆ ఏడాది నవంబరులో తిరిగొచ్చేసరికి రోగం ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకిపోయి ఉంది. ఆయన ఉద్దేశం మంచిదే. అయినా ఆజ్ఞని మోసుకుతిరగాల్సింది నెలల తరబడి సముద్రం మీద ఉన్న కుర్రాళ్ళు.

1779 ఫిబ్రవరి 14న హవాయిలోనే కుక్ చనిపోయాడు. అక్కడివాళ్ళు ఆయన్ని లోనో అనే దేవుడనుకున్నారని, తర్వాత భ్రమ తొలగి చంపారని ఒక కథ స్థిరపడింది. మార్షల్ సాలిన్స్ అనే మానవశాస్త్రవేత్త ఆ కథని సమర్థించాడు. 1992లో శ్రీలంకకి చెందిన గణనాథ్ ఒబేసేకర, తెల్లవాడిని దేవుణ్ణి చేసింది హవాయి జనం కాదు, యూరప్ జనమేనని పుస్తకం రాశాడు. దాని మీద 1995లో సాలిన్స్ ఇంకో పుస్తకంతో విరుచుకుపడ్డాడు. ఈ తగువుని ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, సైన్స్ ఫిక్షన్‌లో ‘కిందివాళ్ళు పైవాళ్ళని దేవుళ్ళనుకుంటారు’ అనేది దాదాపు స్వతస్సిద్ధం. తర్వాతి తరం స్టార్ ట్రెక్‌లో, 1989 నాటి ‘హూ వాచెస్ ద వాచర్స్’ ఎపిసోడ్‌లో కంచుయుగం నాటి స్థాయిలో ఉన్న మింటాకన్లు కెప్టెన్ పికార్డ్‌ని దేవుడనుకుంటారు. ఆయన తను దేవుణ్ణి కానని నిరూపించుకోవడానికి బాణం దెబ్బ తింటాడు. ఎపిసోడ్ చక్కగా ఉంటుంది. కానీ అలా అనుకుంటారని రాసుకున్నది ఎప్పుడూ ఓడలో ఉన్నవాళ్ళే.

ఓడని తిప్పి మనవైపు పెట్టినవాడు హెచ్.జి. వెల్స్. అన్న ఫ్రాంక్‌తో ఒకరోజు నడుస్తూ, టాస్మానియా దీవిలో యూరప్ వాళ్ళు దిగాక అక్కడి జనానికి పట్టిన గతి గురించి మాట్లాడుకుంటుంటే, మనమీదికే ఆకాశం నుంచి ఎవరైనా దిగితే, అన్నాడట ఆ అన్న. అందులోంచి వచ్చింది 1898 నాటి ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’. అంగారకుల్ని తిట్టుకునే ముందు టాస్మానియన్లకి మనమేం చేశామో తలచుకోమని మొదటి అధ్యాయంలోనే పాఠకుడి చెవి మెలేస్తాడు వెల్స్. తలదూర్చకూడదని అందులో ఎక్కడా లేదు. తలదూరిస్తే ఎలా ఉంటుందో మాత్రం లండన్ వీధుల్లో చూపించాడు.

కట్టడిని కట్టడిగా మొదట ఊహించినవాళ్ళలో ఇంగ్లండ్ రచయిత ఓలాఫ్ స్టేపుల్‌డన్‌ని చెప్పుకోవాలి. 1937 నాటి ‘స్టార్ మేకర్’లో కలిసి బతికే రెండు జాతుల మహానాగరికత ఒకటుంది. ఇంకా పరిణతి రాని లోకాలకి అది కావాలనే కనబడకుండా ఉంటుంది. చంపుతామన్న భయం వల్ల కాదు, తమని చూస్తే వాళ్ళ ఆలోచన వాళ్ళది కాకుండా పోతుందని. ఇది వెల్స్ కంటే సూక్ష్మమైన భయం. తెలివైన తండ్రి పక్కన కూర్చుంటే పిల్లవాడు లెక్క చేయలేడు చూడండి, అలాంటిది.

మా తరం వాళ్ళకి సోవియట్ పుస్తకాలంటే నున్నటి కాగితం, గట్టి అట్ట, కారుచౌక ధర. అదే దేశంలో ఇదే ప్రశ్నని అందరికంటే లోతుగా తవ్విన నవల 1964లో వచ్చింది. ఆర్కాదీ, బోరిస్ స్త్రుగాత్‌స్కీ అనే అన్నదమ్ములు రాసిన ‘దేవుడిగా ఉండడం కష్టం’. మొదట వాళ్ళు అనుకున్నది కత్తియుద్ధాల హుషారు కథ. 1962 డిసెంబరు 1న మాస్కో మానెజ్ ప్రదర్శనశాలలో కొత్త తరహా చిత్రకారుల మీద సోవియట్ నేత కృశ్చేవ్ నోరు పారేసుకున్నాడు. దాని వెనకే రచయితలకీ తలంట్లు మొదలయ్యాయి. కథ రంగు మారిపోయింది. అర్కనార్ అనే మధ్యయుగపు రాజ్యంలో చదువుకున్నవాణ్ణల్లా వేటాడే మంత్రి డాన్ రేబా. రాతప్రతిలో అతని పేరు స్టాలిన్ రహస్య పోలీసు పెద్ద బేరియా అక్షరాల్ని తిరగేసి పెట్టుకున్న రేబియా. మరీ ఇంత బాహాటంగానా అని పెద్ద రచయిత యెఫ్రేమొవ్ చెబితే మార్చారు.

ఆ రాజ్యంలో డాన్ రుమాటా అనే ప్రభువు వేషంలో తిరుగుతున్నవాడు అంతోన్. భూమి నుంచి వచ్చిన చరిత్ర పరిశోధకుడు. కొంతమంది పండితుల్ని చాటుగా సరిహద్దు దాటించడం వరకే అతనికి అనుమతి. చంపకూడదు, చరిత్ర గమనాన్ని తిప్పకూడదు. ఎందుకంటే భూమ్మీదున్న సంస్థకి చరిత్ర మెట్ల లెక్క తెలుసు. భూస్వామ్యం తర్వాత ఏదో, దాని తర్వాత ఏదో, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. మెట్టు దాటించకూడదు. కానీ కళ్ళెదుట బూడిదరంగు బట్టల మూకలు పుస్తకాలు తగలబెడుతుంటే ఆ లెక్కలో వాళ్ళకి గడి లేదు. అమెరికన్ కట్టడి వెనక ఉన్నది చేసిన పాపం తాలూకు నలత. రష్యన్ కట్టడి వెనక ఉన్నది చరిత్ర మీద అతి నమ్మకం, అది పగుళ్ళివ్వడం. నామట్టుకు నాకు రెండోదే పదునుగా అనిపిస్తుంది.

చెరనుంచి తప్పించిన వైద్యుడు బుదాహ్‌తో రుమాటా సంభాషణ ఆ నవలకి గుండెకాయ. దేవుడు కనబడితే ఏమడుగుతావని రుమాటా ప్రశ్న. అందరికీ తిండి, బట్ట ఇమ్మంటానంటాడు ముసలాయన. బలవంతుడు లాక్కుంటాడు. అయితే బలవంతుణ్ణి శిక్షించమంటాను. వాడు పోతే ఇంకో బలవంతుడు లేస్తాడు. ఇలా ఒక్కో కోరికా వీగిపోయాక, సరే, మమ్మల్ని తుడిచేసి మళ్ళీ చేయి, లేదా మా దారిన మమ్మల్ని వదిలెయ్, అంటాడు బుదాహ్. నా గుండె ఒప్పదు, అన్న అర్థంలో జవాబిస్తాడు రుమాటా. చివరికి తను ప్రేమించిన కీరాని శత్రువులు చంపినప్పుడు అతను కత్తులు దూసి కోటదాకా దారి చేసుకుంటూ పోతాడు. ఆ మారణకాండని రచయితలు చూపించరు. భూమికి తిరిగొచ్చాక ఒక అడవిదారిలో, చిన్ననాటి స్నేహితురాలు అతని వేళ్ళ మీద ఎర్రటి మరకలు చూసి ఉలిక్కిపడుతుంది. అవి అడవి స్ట్రాబెర్రీ పళ్ళ రసం మరకలు.

మనకి ఇలాంటి ఘట్టం కొత్త కాదు. కురుక్షేత్రంలో ఆయుధం పట్టనని మాటిచ్చినవాడు రథం తోలడానికి కూర్చున్నాడు. భీష్ముడి బాణాలకి అర్జునుడు తడబడేసరికి రథం మీంచి దూకేశాడు. పోతన భాగవతంలో ఆ దూకుడుని చూడని తెలుగువాళ్ళు తక్కువ. ఆ యుద్ధంలో కట్టడిని అక్షరాలా పాటించినవాడు బలరాముడు. ఏ పక్షమూ వద్దని తీర్థయాత్రకి పోయాడు. మనం కథ చెప్పుకునేది కృష్ణుడి గురించి.

అమెరికాలో ఉర్సులా లె గ్విన్ ఈ విషయాన్ని వేరే దారిలో అందుకుంది. ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఆకలితో ఊళ్ళోకి వచ్చిన ఒక యాహీ మనిషి దొరికాడు. అతని జనంలో మిగిలింది అతనొక్కడే. తన పేరు చెప్పలేదు. ‘మనిషి’ అనే అర్థమున్న ‘ఇషీ’ అనే మాటనే క్రోబర్ అతనికి పేరుగా పెట్టాడు. అతన్ని మ్యూజియంలో ఉంచారు, ప్రేమగానే చూసుకున్నారు. 1916లో క్షయతో పోయాడు. లె గ్విన్ పుట్టింది 1929లో. తల్లి థియోడోరా ఇషీ జీవితం రాసింది 1961లో. ఐదేళ్ళకి వచ్చిన కూతురి మొదటి నవల ‘రోకనన్స్ వరల్డ్’లో ఎక్కువ సాంకేతికతని కిందిస్థాయి లోకాలకి అందనివ్వని ఆంక్షలున్నాయి. 1969 నాటి ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’లో కొత్త లోకానికి వెళ్ళే దూత ఒంటరిగా వెళతాడు. ఒక్కడంటే దండయాత్ర కాదు కదా. దిగాక అతను మార్చినదానికంటే మారినదే ఎక్కువ.

1973లో జాన్ బాల్ అనే ఖగోళశాస్త్రవేత్త ఈ ఊహని సైన్సు పత్రికలోకి లాక్కొచ్చాడు. ఇన్ని నక్షత్రాలుండగా మనల్ని ఎవరూ ఎందుకు పలకరించలేదు? పలకరించకూడదని వాళ్ళు నియమం పెట్టుకున్నారేమో, మనం వాళ్ళ జూలో ఉన్నామేమో అన్నాడు. ‘జూ పరికల్పన’ అని పేరు.

జూ అనే మాట చూడగానే మన దేశంలో నడిచిన పాత తగాదా గుర్తొస్తుంది. 1939లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ మధ్యభారతంలోని బైగా ఆదివాసుల కోసం బయటివాళ్ళు చొరబడని ఒక రక్షిత ప్రాంతం ఉండాలన్నాడు. ఆదివాసుల్ని జూలో పెడతావా అని ఆయన్ని దుమ్మెత్తిపోశారు. సరిగ్గా అప్పుడే, 1940లో జోడెన్‌ఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీమ్‌ని కాల్చి చంపాక, గోండుల గోడేమిటో చూడమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని ఆదిలాబాద్ అడవులకి పంపింది. ఆయన అక్కడ చూసింది ఎవరూ తాకని జనాన్ని కాదు. షావుకార్లు, పట్వారీలు, అటవీశాఖ వాళ్ళు అప్పటికే భూములు గుంజుకుని గుడిసెలు పీకేసి ఉన్నారు. అలాంటిచోట ‘తలదూర్చను’ అంటే షావుకారు పక్షం వహించడమే. ఆయన పట్టాల కోసం ప్రభుత్వంతో పోరాడాడు, మార్లవాయిలో గోండీలో పాఠాలు చెప్పే పంతుళ్ళని తయారుచేశాడు. భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఈనాటికీ మార్లవాయిలోనే ఉంది. స్టార్ ట్రెక్ వాళ్ళు ప్రతిసారీ తామే మొదటిసారి వస్తున్నట్టు ఊహించుకుంటారు. భూమ్మీద మాత్రం ఎప్పుడూ ఎవడో ఒకడు ముందే వచ్చి వెళ్ళి ఉంటాడు.

తర్వాతి స్టార్ ట్రెక్‌లు కట్టడిని బిగించి బిగించి చివరికి మెడకి చుట్టుకున్నాయి. ‘హోమ్‌వర్డ్’లో ఒక గ్రహపు వాతావరణం నశించిపోతుంటే పికార్డ్ బృందం తలవంచుకుని నిలబడుతుంది. 2002 నాటి ‘డియర్ డాక్టర్’ ఇంకా ఘోరం. మందు చేతిలో ఉండి, రోగంతో పోతున్న జాతికి ఇవ్వరు. పరిణామం ఇంకో జాతిని పైకి తేవాలనుకుంటోందట! పరిణామానికి ఏ ఉద్దేశమూ ఉండదని హైస్కూలు పిల్లవాడికి తెలుసు. దానికంటే 1989 నాటి ‘పెన్ పాల్స్’ ఎంతో నిజాయితీగా ఉంటుంది. బద్దలవుతున్న గ్రహాన్ని కాపాడాలా వద్దా అని అధికారులు గదిలో కూర్చుని సూత్రాలు వల్లిస్తుంటారు. ఆ గ్రహం నుంచి రేడియోలో మాట్లాడే పసిపిల్ల గొంతు ఆ గదిలో వినబడుతుంది. పికార్డ్‌కి ఇక నోరు పెగలదు. కాపాడతారు. అయితే పిల్ల జ్ఞాపకాల్లోంచి తమని తుడిచేస్తారు.

కిందివాళ్ళే కట్టడి పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే అండమాన్లలోని ఉత్తర సెంటినల్ దీవి దగ్గరికి పోవాలి. 1880లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి అక్కడినుంచి ఒక ముసలి జంటని, నలుగురు పిల్లల్ని పోర్ట్‌బ్లెయిర్‌కి ఎత్తుకుపోయాడు. అందరికీ జబ్బు చేసింది. ముసలివాళ్ళు పోయారు. పిల్లల్ని కానుకలతో తెచ్చి ఒడ్డున దింపేశారు. భారత ప్రభుత్వం 1956లో ఆదిమ తెగల రక్షణ నిబంధన తెచ్చింది. 1967 నుంచి మానవశాస్త్రవేత్త టి.ఎన్. పండిట్ వంటివాళ్ళు పడవల్లో కొబ్బరికాయలు పట్టుకెళ్ళేవాళ్ళు. 1991 జనవరి 4న మధుమాలా చటోపాధ్యాయ ఉన్న బృందం చేతుల్లోంచి సెంటినల్ జనం నీళ్ళలోకి దిగి కాయలు అందుకున్నారు. 90లు గడవకముందే ఆ యాత్రలు ఆపేశారు. పక్కదీవుల్లో జరావా తెగవాళ్ళు అడవి దాటి బయటికి వచ్చాక, 1999లో వాళ్ళకి తట్టు సోకింది. 2004 సునామీ తర్వాత క్షేమం చూడబోయిన హెలికాప్టర్ మీదికి ఒక సెంటినల్ మనిషి విల్లు ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో లోకమంతా చూసింది. 2025 మార్చి చివర ఒక అమెరికన్ కుర్రాడు చిన్న పడవలో వెళ్ళి, ఈల ఊది, ఎవరూ రాకపోతే ఒడ్డున ఒక డైట్ కోక్ డబ్బా, ఒక కొబ్బరికాయ పెట్టి, వీడియో తీసుకుని వచ్చాడు. పోలీసులు పట్టుకున్నారు.

కానుకలు అక్కడ కొత్త కాదు. 1974లో సినిమా తీయడానికి వెళ్ళిన బృందం ఒడ్డున కొబ్బరికాయలు, అల్యూమినియం గిన్నెలు, ప్లాస్టిక్ కారు, ఒక బొమ్మ, కట్టేసిన బతికున్న పంది వదిలి పడవ వెనక్కి తీసింది. సెంటినల్ జనం ఒడ్డుకి వచ్చారు. దర్శకుడి తొడలో బాణం దిగింది. తర్వాత పందిని పొడిచి ఇసకలో పాతేశారు. బొమ్మనీ పాతేశారు. కొబ్బరికాయలు, గిన్నెలు తీసుకుని చెట్లలోకి వెళ్ళిపోయారు.